గాలికి తలవంచి గెలిచినవాడు: కప్తాను జాషువా స్లోకం

నడిసముద్రములో రేగిన తుపానుకన్న భయంకరమైనది లేదని నేలమీద బ్రతుకువారు తలచుదురు. నావికుల అనుభవము వేరు. నడిసముద్రములో చిన్న నావకు చోటు కలదు. గాలి ఎటు తోసినను కొంతదూరము దానివెంట పోయి, అది శాంతించిన పిదప దారి సరిచూచుకొనవచ్చును. తీరము చేరువలో ఆ వెసులుబాటు లేదు. గాలి ఒడ్డువైపు వీచునప్పుడు గడియగడియకు నావ రాళ్ళకు దగ్గరగుచుండును. అక్కడ నావికునకు శత్రువు నీరు కాదు, నేల. ఈ సత్యమును తన ప్రాణము నొడ్డి తెలిసికొని, చిన్న తెరచాప పడవలో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి మనుష్యుడు కప్తాను జాషువా స్లోకం.

నేటి కెనడా దేశమునకు తూర్పు తీరమున నున్న నోవా స్కోషియాలో, ఫండీ అఖాతము దాపున, 1844వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన ఆయన జన్మించినాడు. పదకొండుమంది బిడ్డలలో ఐదవవాడు. తల్లి దీపస్తంభపు కాపరి కుమార్తె. తండ్రి సేద్యము విడిచి బ్రయర్ ద్వీపమునకు వలసవచ్చి, జాలరులకు తోలుబూట్లు కుట్టి జీవించినాడు. ఆయన మిక్కిలి కఠినుడు. పసివానిని బడి మాన్పించి బూట్ల పనిలో కూర్చుండబెట్టినాడు. ఆ చీకటి కొట్టులో పిల్లవాడు తండ్రి కంట పడకుండ ఒక బొమ్మ ఓడను చెక్కుచుండగా, తండ్రి చూచి దానిని నేలకు కొట్టి ముక్కలు చేసినాడు. బొమ్మ విరిగినది గాని కోరిక విరుగలేదు. పదునాలుగవ యేట ఇల్లు విడిచి, చేపలుపట్టు ఓడలో వంటవాడుగా చేరినాడు. వంట చేతకాక ఆ ఉద్యోగము నిలువలేదు. 1860లో తల్లి మరణించినది. ఇంటితో ముడి తెగినది. పదునారేండ్ల బాలుడు సముద్రమునే ఇల్లుగా చేసికొన్నాడు.

సామాన్య నావికుడుగా మొదలిడి, రాత్రులు పుస్తకములు చదివి, నక్షత్రగణనము నేర్చి, పాతికేండ్ల ప్రాయమున కప్తాను అయినాడు. అమెరికా పౌరసత్వము స్వీకరించినాడు. 1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున వర్జీనియా వాకర్ అను యువతిని వివాహమాడినాడు. ఆమె అత్తవారిల్లు ఓడయే. బిడ్డల పురుళ్ళు, చదువులు అన్నియు ఓడమీదనే. 1882 నాటికి స్లోకం నార్దరన్ లైట్ అను గొప్ప తెరచాప ఓడకు కప్తాను మాత్రమే కాక, భాగస్వామి కూడ. అది ఆయన జీవితమున మధ్యాహ్నము.

అటుపిమ్మట ప్రొద్దు వాలినది. 1884లో అక్విడ్నెక్ అను సొంత ఓడ బ్యూనస్ ఏర్స్ రేవున నిలిచియుండగా వర్జీనియా కన్నుమూసినది. రెండేండ్లకు ఆయన తన బంధువుల పిల్లయైన హెన్రియెట్టాను పెండ్లాడినాడు. 1887 చివర ఆ అక్విడ్నెక్ కూడ బ్రెజిల్ తీరపు ఇసుకతిన్నెపై చిక్కి నాశనమైనది. పరదేశమున దిక్కులేని స్థితిలో, భార్యయు ఇద్దరు కుమారులును తోడుండగా, స్లోకం 35 అడుగుల పడవ నొకదానిని స్వయముగా నిర్మించినాడు. బ్రెజిల్‌లో బానిసత్వము రద్దయిన 1888 మే 13వ తేదీననే అది నీట దిగినది. అందుచేత దానికి పోర్చుగీసు భాషలో స్వేచ్ఛ అను అర్థమిచ్చు లిబర్దాదే అను పేరు పెట్టినాడు. 55 దినముల ప్రయాణములో 5,500 మైళ్ళు గడచి అందరును అమెరికా చేరుకొన్నారు. ఆ ప్రయాణముతో హెన్రియెట్టాకు సముద్రముపై మనసు విరిగినది.

స్లోకంకు మాత్రము నేలమీద బ్రతుకుతెరువు లేదు. ఆవిరియోడలు తెరచాపలను త్రోసివేసిన కాలమది. ముప్పదియేండ్లు నేర్చిన విద్యకు విలువ పోయినది. బోస్టన్ రేవులలో చిల్లరపనులకై తిరుగుచున్న ఆయనకు 1892లో తిమింగిలముల వేట మానిన వృద్ధ కప్తాను ఈబెన్ పియర్స్ కనిపించి, ఫెయిర్‌హేవెన్‌లో తన ఓడ నొకదానిని ఊరక ఇత్తునన్నాడు. స్లోకం పోయి చూచినాడు. ఓడ పొలములో నున్నది! స్ప్రే అను పేరుగల పాతపడవ నీటికి దూరముగా, గుడ్డ కప్పుకొని, ఏండ్ల తరబడి మ్రగ్గుచున్నది. పియర్స్ పరిహాసమాడినాడని ఊరివారు నవ్వినారు.

స్లోకం గొడ్డలి చేతబట్టినాడు. దాపునగల ఓక్ చెట్టును నరికి అడుగుదూలము చేసినాడు. ఒక్కొక్క పక్కటెముకను, ఒక్కొక్క పలకను తీసివైచి క్రొత్తది అమర్చినాడు. పదమూడు నెలల శ్రమకు, 553 డాలర్ల 62 సెంట్ల వ్యయమునకు పడవ సిద్ధమైనది. పేరు తక్క పాతది ఏమియు మిగులలేదు. పొడవు 36 అడుగుల 9 అంగుళములు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళములు. పొడవుతో పోల్చిన వెడల్పు ఎక్కువ గనుక గాలికి సులభముగ ఒరగదు.

1895 ఏప్రిల్ 24వ తేదీన, ఏబదియొకటవ యేట, స్లోకం ఒంటరిగా బోస్టన్ విడిచినాడు. రేఖాంశము లెక్కించుటకు కావలసిన మేలైన గడియారము బాగుచేయించుటకు పదునైదు డాలర్లు కావలెను. అంత సొమ్ము లేక, ముఖము పగిలిన రేకు గడియారమును ఒక డాలరునకు కొని వెంట తీసికొన్నాడు. అట్లాంటిక్ దాటి జిబ్రాల్టర్ చేరి, మధ్యధరా మార్గమున పోదలచినాడు. అచ్చటి ఆంగ్ల నౌకాధికారులు ఆ దారిలో దొంగల భయము కలదని వారించగా, వెనుదిరిగి మరల అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరినాడు. పట్టుదలకును మొండితనమునకును గల భేదము ఆయనకు తెలియును.

ఆ తెలివి బ్యూనస్ ఏర్స్‌లో మరింత విశదమైనది. ముందున్నది మాజెలాన్ జలసంధి. తక్కినవాడైన ఇంకొక గుడ్డ పెద్దచాప కట్టుకొనునేమో! స్లోకం తన ఓడకొయ్యను ఏడడుగులు నరికించినాడు. ముందుకు పొడుచుకొనివచ్చు దూలమును అయిదడుగులు తగ్గించినాడు. గాలి వేగము రెట్టింపైన దాని తాకిడి నాలుగింతలగును. ఆ తాకిడి ఎంత ఎత్తున సోకిన పడవ అంతగా ఒరగును. కావున పెనుగాలిలో నేర్పు చాప విప్పుటలో లేదు, ముడుచుటలో నున్నది. గాలి ముదిరిన పిదప ముడువ జూచువానికి చేతులు చాలవు. ముదురకముందే ముడుచువాడు బ్రతుకును. ఒంటరివానికి ఈ నియమము మరింత కఠినమైనది. ఏలయన చుక్కానికిని చాపకును ఉన్నవి ఆ రెండు చేతులే.

1896 జనవరి చివర బయలుదేరి పెటగోనియా తీరము వెంట పోవుచుండగా, ఒక మహాతరంగము కొండవలె లేచివచ్చినది. స్లోకం చాపలు దింపి, మోకులు పట్టి కొయ్యమీది కెగబ్రాకినాడు. క్షణకాలము పడవ మొత్తము నీటి క్రింద అణగి మరల తేలినది. ఫిబ్రవరి 11వ తేదీన జలసంధి ముఖద్వారము చేరగనే నైరుతి గాలి ఎదురైనది. మూడు మడతలు ముడిచిన చాపతో దినమునకు పైగా పోరాడి లోనికి ప్రవేశించినాడు.

ఈ జలసంధికి ఇరువైపుల మంచుకొండలు. కొండలపై చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కమారుగ లోయలవెంట జారి నీటిమీద పడును. నావికులు దానిని విల్లీవా అందురు. మేఘము సూచన నీయదు, అల హెచ్చరించదు. చాప విప్పని ఓడను సైతము ప్రక్కకు పడవేయగలదు. అట్టి చోట లంగరు కూడ నమ్మదగినది కాదు. అడుగున లోతెక్కువ, పట్టు తక్కువ. స్లోకం ఒక్కొక్క మూలమలుపున ఆగుచు, గాలి ఊపిరి తీసికొన్న వేళ కొన్ని మైళ్ళు సాగుచు, మార్చి 3వ తేదీన పిల్లర్ అగ్రము దాటి పసిఫిక్ మహాసముద్రములో అడుగిడినాడు.

అప్పుడు వాయవ్యము నుండి తుపాను విరుచుకుపడినది. వెనుకకు మరలుదమన్న అది రాళ్ళతీరము. తీరమునకు లోబడుటకన్న సముద్రమునకు లోబడుట మేలని ఎంచి, చాపలన్నియు దింపి, గాలివెంట ఆగ్నేయముగ హారన్ అగ్రము దిక్కునకు పరుగిడనిచ్చినాడు. అలలు వెనుకనుండి విరిగి మీదపడకుండ రెండు పొడవైన మోకులను పడవ వెనుక నీటిలో విడిచినాడు. అవి పడవ వేగమును అదుపుచేసి, అల తలను కొంత అణచినవి. నాలుగవ దినమున మబ్బుల సందున కొండ కనిపించగా లోనికి పోవు దారి దొరకినదనుకొన్నాడు. చీకటిపడిన పిదప ఎటుచూచినను తెల్లని నురుగు, రాళ్ళపై పగులు అలల ఘోష. తాను ప్రవేశించినది పాలవెల్లి అని నావికులు పిలుచు రాళ్ళగుంపులోనికి. బీగిల్ నౌకలో వచ్చిన డార్విన్ చూచి భీతిచెందిన చోటది. వడగండ్లు ముఖమును కోసి నెత్తురు కారుచుండగా, ఒక నురుగు తెల్లగా కనిపించిన ఇటు మరలుచు, వేరొకటి కనిపించిన అటు మరలుచు, చీకటిలో రాత్రియంతయు తిరిగినాడు. తెల్లవారగ దారి కనిపించినది. కాక్‌బర్న్ కాలువ గుండ మరల జలసంధిలోనికే చేరుకొన్నాడు. తన సముద్రజీవితము మొత్తములో అంతటి సాహసము వేరొకటి లేదని ఆయన ఎంచినాడు.

ఆ రాత్రి నిద్రించుటకు ముందు పడవ పైతట్టున మొనలు పైకి ఉండునట్లు తివాచీ మేకులు చల్లినాడు. పుంటా అరేనాస్ రేవున ఒక మిత్రుడిచ్చిన కానుక అవి. నడిరేయి రహస్యముగా పడవ ఎక్కిన ఆదివాసులు మేకులు గ్రుచ్చుకొని కేకలు వేయుచు నీట దూకినారు. ఈ కథ లోకమంతట నవ్వు పుట్టించినది. కాని ఆ తీరవాసుల నేలను ఆ కాలముననే గొర్రెల మందలవారు ఆక్రమించి వారిని తరిమి చంపుచుండిరి. పడవలో వచ్చు పరాయివానిని వారు మిత్రుడుగ చూడకుండుటకు కారణము లేకపోలేదు.

జలసంధిలో నుండగనే స్లోకం పడవ వెనుకభాగమున మరొక చిన్న కొయ్యను, చాపను అమర్చినాడు. ఆంగోస్టో రేవు నుండి బయలుదేరుట, గాలి త్రోసివేయగ తిరిగివచ్చుట అలవాటైనది. వెనుకకు వచ్చినందుకు సిగ్గుపడలేదు. ఏడవ మారు, ఏప్రిల్ 13వ తేదీన లంగరెత్తినప్పుడు దారి తెరచుకొన్నది.

ఇక పసిఫిక్ వ్యాపారపవనములు ఆయనకు మిత్రములైనవి. స్ప్రే గొప్పతనము ఇక్కడ వెల్లడియైనది. పెద్దచాపను వెడల్పుగ వదలి, ముందుచాపను నడుమకు బిగించి, చుక్కాని చక్రమును త్రాటితో కట్టివేసిన, పడవ తనంతట తానే దారి తప్పక నడచును. ముక్కు గాలివైపు తిరిగిన ముందుచాప దానిని మరలించును. అటు మిక్కిలి తొలగిన పెద్దచాప సరిదిద్దును. సమోవాలో స్టీవెన్‌సన్ భార్యను దర్శించి, ఆస్ట్రేలియా తీరము చుట్టి, 1897లో థర్స్‌డే ద్వీపము నుండి హిందూ మహాసముద్రములోని కీలింగ్ దీవులకు 2,700 మైళ్ళు 23 దినములలో పోయినప్పుడు ఆయన చుక్కాని పట్టినది మూడు గంటలకు మించదు. రేకు గడియారమునకు అప్పటికి నిమిషముల ముల్లు ఊడిపోయినది. ఆగిపోయిన దానిని నీట ఉడికించగా మరల నడచినది.

దక్షిణాఫ్రికాలో అధ్యక్షుడు క్రూగర్‌ను చూచినాడు. భూమి బల్లపరుపుగ నున్నదని నమ్మిన ఆ పెద్దమనిషికి భూమిని చుట్టివచ్చుచున్న అతిథి నచ్చలేదు. 1898 జూన్ 27వ తేదీ అర్ధరాత్రి దాటిన పిదప స్ప్రే న్యూపోర్టు రేవున లంగరు వేసినది. మూడేండ్ల రెండు నెలలలో 46,000 మైళ్ళు నడచినది. కొలది దినములకు ఆయన ఫెయిర్‌హేవెన్ పోయి, పడవను మొదట నీట దింపినప్పుడు కట్టిన ఆ దేవదారు గుంజకే మరల కట్టినాడు.

1900లో వెలువడిన ఆయన ప్రయాణ గ్రంథము బడి చదువు పూర్తికాని ఆ మనిషిని రచయితల పంక్తిలో కూర్చుండబెట్టినది. మార్తాస్ వైన్‌యార్డ్ ద్వీపములో పొలము కొని సేద్యము చేయ యత్నించినాడు. కాని నేల ఆయనను నిలుపుకొనలేకపోయినది. భార్య ఇంట, భర్త పడవలో. వారి సంసారము అట్లే గడచినది. లోకమంతయు మెచ్చిన ఆ స్వేచ్ఛకు ఇంటివారు చెల్లించిన మూల్యమది.

1909 నవంబరులో, అరువదియైదేండ్ల వయస్సున, ఒరినోకో, అమెజాన్ నదులను చూడవలెనని అదే స్ప్రేలో దక్షిణముగ బయలుదేరినాడు. మరల కనిపించలేదు. ఆవిరియోడ ఢీకొన్నదో, పాతబడిన పలకలు వీడినవో ఎవరికిని తెలియదు. 1924లో న్యాయస్థానము ఆయన మరణించినట్లు ప్రకటించినది.

పిమ్మట ఎందరో స్ప్రే నమూనా పడవలు కట్టించుకొని సముద్రములు తిరిగినారు. అచ్చుగ్రుద్దినట్లు పలకలను పోలింపవచ్చును. కొయ్యను నరికించిన వినయమును, ఆరుమార్లు వెనుదిరిగి ఏడవమారు లంగరెత్తిన ఓర్మిని పోలించుట కష్టము. గాలితో పంతమాడక, దానికి తలవంచవలసిన చోట వంచి, ఎత్తవలసిన వేళ ఎత్తి, కాలము పారవేసిన ఒక కప్తాను పొలములో పారవేసిన ఒక పడవతో లోకమును చుట్టివచ్చినాడు.