మృత్యుగోడ మీద టోర్నడో స్మిత్

సముద్రపు ఒడ్డున సంత అనగానే మనకు రంగులరాట్నం, బొమ్మల కొట్లు, మరమరాల పొట్లాలు గుర్తుకొస్తాయి. ఇంగ్లండు తీరంలోని సంతల్లో 1929 నుంచి వీటికి తోడు ఇంకొకటి చేరింది. నిట్టనిలువు గోడ మీద మోటారు సైకిలు తోలడం! చూసే వాళ్లకే ఒళ్లు జలదరించే ఈ ఆటకు ‘మృత్యుగోడ’ అని పేరు పెట్టారు. హైదరాబాదు నుమాయిష్‌లో ‘మౌత్ కా కువా’ పేరుతో జనం ఎగబడి చూసిన ఆట కూడా ఈ కుటుంబానిదే. ఆ గోడ మీద ఇంగ్లండంతా పేరు మోగించిన మనిషి టోర్నడో స్మిత్.

ఇతని అసలు పేరు జార్జి స్మిత్. 1908లో పుట్టాడు. సఫోక్ ప్రాంతంలో బాక్స్‌ఫర్డ్ అనే పల్లె ఇతని సొంత ఊరు కిందే లెక్క. అక్కడ తల్లిదండ్రులు ‘వైట్ హార్ట్’ అనే సారాయి సత్రం నడిపేవాళ్లు. జమీందారు బిడ్డ కాదు, పెద్ద చదువుల వాడూ కాదు. మనలాంటి పల్లెటూరి కుర్రవాడే!

ఈ ఆట పుట్టింది మాత్రం ఇంగ్లండులో కాదు, అమెరికాలో. 1910 దశకంలో అక్కడ చెక్క పలకలతో పరిచిన వాలు బాటల మీద మోటారు సైకిలు పందేలు జరిగేవి. సంతల వాళ్లు ఆ బాటను కురచ చేశారు, వాలు పెంచారు. పెంచగా పెంచగా అది నిలువు గోడ అయి కూర్చుంది. 1929లో ఆ గోడ థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న సౌత్ఎండ్ పట్టణానికి వచ్చింది. అక్కడ 1901లో తెరిచిన ‘కుర్సాల్’ అనే వినోదశాల ఉండేది. సెలవు రోజు వచ్చిందంటే చాలు, లండను కూలీ జనం రైళ్లెక్కి సౌత్ఎండ్ సముద్రం గాలికి వచ్చేవాళ్లు. స్మిత్ ఆ కుర్సాల్‌లోనే ఈ విద్య పట్టాడు. దీన్ని నేర్చిన తొలి బ్రిటిష్ వాళ్లలో ఇతనొకడు.

ఆ గోడ ఎలా ఉంటుందంటే, మా పొలాల్లో ఉండే మోటబావిని నేలలోంచి పెకలించి పైన నిలబెట్టి, రాతికట్టుకు బదులు చెక్కలు బిగించినట్లుంటుంది. వెడల్పు ముప్ఫై అడుగులు, ఎత్తు ఇరవై అడుగులు అటూ ఇటూగా. జనం పై అంచున నిలబడి లోపలికి తొంగి చూస్తారు. బండి ముందు అడుగున చుట్టూ తిరుగుతుంది. తర్వాత వాలు బల్ల ఎక్కి, అక్కణ్ణుంచి గోడ మీదికి పోతుంది. బండ్లు సాధారణంగా ‘ఇండియన్ స్కౌట్’ రకానివి. పేరు చూసి మన దేశపు బండి అనుకునేరు! అది అమెరికా కంపెనీ.

మరి పడడేం? ఇది మంత్రం కాదు, మన ఫిజిక్సు క్లాసులోదే. బండి గుండ్రంగా తిరగాలంటే గోడ దాన్ని కేంద్రం వైపు నెట్టాలి. ఆ నెట్టుడు వల్ల టైరుకూ చెక్కకూ మధ్య ఘర్షణ పుడుతుంది. ఆ ఘర్షణే బండి బరువును మోస్తుంది. ఘర్షణ గుణకం 0.6, వ్యాసార్ధం 4.5 మీటర్లు అనుకుని లెక్క కట్టండి. కనీస వేగం సెకనుకు 8.6 మీటర్లు, అంటే గంటకు 31 కిలోమీటర్లు వస్తుంది. అంతకన్నా తగ్గితే జారడమే. బాగా పెంచితే ఒంటి మీద సొంత బరువుకు మూడు నాలుగింతల ఒత్తిడి పడి, నెత్తురు కాళ్లలోకి దిగి, కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఈ రెండు ప్రమాదాల నడుమ ఉన్న ఇరుకు సందులో స్మిత్ బతికాడు. అందులోనే చేతులు వదిలేవాడు, హేండిల్ మీద కూర్చునేవాడు. అతని భార్య మార్జరీ డేర్ కూడా ఆ గోడ ఎక్కి, ఆడవాళ్లూ ఈ పని చేయగలరని చూపించింది.

స్మిత్‌కు అసలు పేరు తెచ్చింది ఒక ఆడసింహం. పేరు బ్రిటన్. పిల్లగా ఉన్నప్పటి నుంచి సాకి, సైడ్‌కారులో కూర్చోబెట్టుకుని గోడ మీద తిప్పేవాడు. సౌత్ఎండ్ వీధుల్లో దాన్ని కుక్కలాగా నడిపించుకుపోయేవాడు. పై లెక్కలో ఒక విచిత్రం ఉంది చూశారా? అందులో బరువు కొట్టుకుపోతుంది. సింహం ఎక్కినా ఎక్కకపోయినా కనీస వేగం ఒకటే. కానీ సింహం కదిలితే బండి తూకం తప్పుతుంది. దానికి మాత్రం సూత్రం లేదు, చేతివాటమే దిక్కు.

ఇంత చేసినా సంపాదన అంతంత మాత్రం. గోడ ఎక్కే వాళ్లకు బీమా ఇచ్చే కంపెనీ దొరికేది కాదు. పడితే ఆస్పత్రి ఖర్చుకని ఆట చివర జనం ముందు చేయి చాపడం ఆ వృత్తిలో ఆచారమైపోయింది. పైనుంచి చిల్లర వాన కురిసేది.

1939లో యుద్ధం వచ్చింది. మనుషులకే మాంసం కరువైన రోజుల్లో సింహాన్ని మేపడం ఎవరి తరం? బ్రిటన్‌ను చంపక తప్పలేదు. దాన్ని బాక్స్‌ఫర్డ్‌లో తల్లిదండ్రుల సత్రం ముందే పాతిపెట్టారు. స్మిత్ ఈ ఆటకు తన ఇష్టంతో వచ్చాడు. ఆ మూగజీవిని మాత్రం ఎవరూ అడగలేదు. అతని గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ మాట దాచిపెట్టడం న్యాయం కాదు.

యుద్ధం ముగిశాక కొన్నేళ్లకు స్మిత్ దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. 1971లో అక్కడే కన్నుమూశాడు. కుర్సాల్‌లోని ఆరుబయటి ఆటలు కూడా ఆ దశకంలోనే మూతపడ్డాయి.

మిత్రులారా! మృత్యువు పేరు పెట్టుకున్న గోడ మీద ఏళ్ల తరబడి తిరిగిన మనిషి అరవై దాటే దాకా బతికాడు. అది అదృష్టం ఒక్కటే కాదు. ఎంత వేగం కావాలో అతని ఒంటికి తెలుసు, అది ఎంత దాటకూడదో కూడా తెలుసు. రోజూ అదే గోడ, అదే అభ్యాసం. మన రోడ్ల మీద హెల్మెట్ లేకుండా, చేతులు వదిలి బండి తోలే మన కుర్రాళ్లు దాన్నే సాహసం అనుకుంటున్నారు. స్మిత్ గోడ మీద ఎదురుగా లారీ రాదు, బడికి పోయే పిల్లలు అడ్డం రారు. తెలిసి తెగించడం వేరు, తెలియక తెగించడం వేరు. మొదటిది విద్య. రెండోది కన్నవాళ్లకు కడుపుకోత.