నల్లమందు నెదిరించిన లిన్ జెషూ

గోపాలపురం ఒడ్డున నిలబడి తూర్పుకు చూస్తే, పొట్ట చేతబట్టుకొని రంగూను ఓడ యెక్కిన మనవారు గుర్తుకు వస్తారు. అదే బంగాళాఖాతం మీదుగా ఒకప్పుడు కలకత్తా నల్లమందు చీనాకు పోయేది. దాన్ని ఆపబూనిన లిన్ జెషూను యీ ఉగాదినాడు తలచుకొందాము.

ఆయన 1785లో ఫూచౌలో ఒక బీద పంతులు ఇంట పుట్టాడు. 1811లో పెద్ద పరీక్ష నెగ్గి కొలువులో చేరి, లంచం ముట్టనివాడని పేరు తెచ్చుకొన్నాడు. 1838 చివర చక్రవర్తి ఆయనను ప్రత్యేకాధికారిగా కాంటన్‌కు నియమించాడు.

అక్కడి వ్యాపారం చిత్రమైనది. బీహారులో, కాశీ ప్రాంతంలో రైతులచేత గసగసాల పైరు వేయించి, నల్లమందును కలకత్తాలో వేలం వేసేది కంపెనీ. ఆపైన తనకేమీ తెలియనట్లుండేది. వర్తకుల ఓడలు లింటిన్ దీవి దగ్గర లంగరు వేసేవి. తెడ్ల పడవలు వచ్చి సరుకు దించుకొనేవి. లంచాలు తిన్న కావలివారు కళ్లు మూసుకొనేవారు. 1805 నుండి మన మద్రాసు రాజధానిలో ఉప్పును గుత్తకు పట్టి, దొంగ ఉప్పును నేరమన్నది కూడా యీ కంపెనీయే!

1839 మార్చిలో లిన్ కాంటన్ చేరాడు. విదేశీ వర్తకుల కొట్లను చుట్టుముట్టించి, నౌకర్లను బయటకు రప్పించాడు. చివరకు ఆంగ్లేయాధికారి ఎలియట్ 20,283 పెట్టెలు అప్పగించాడు. జూన్ 3 మొదలు మూడు వారాలకు పైగా, హూమెన్ దగ్గర గోతులలో నీళ్లు నింపి, ఉప్పూ సున్నమూ కలిపి, ఆ సరుకును కరిగించి సముద్రంలోకి వదిలారు. అంతకుముందు లిన్ సముద్రదేవతను పూజించి, నీటిని మలినం చేస్తున్నందుకు క్షమించమని వేడుకొన్నాడు. గంగమ్మకు మొక్కి వల వేసే మన గంజాం జాలరులకు ఇది వింత కాదు.

విక్టోరియా రాణికి ఆయన వ్రాసిన లేఖకు జవాబు రాలేదు. యుద్ధనౌకలు వచ్చాయి. ఆంగ్లేయుల నౌకాబలాన్ని లిన్ తక్కువ అంచనా వేశాడనే మేమనుకొంటాము. ఆ సేనలో మద్రాసు పటాలాలూ వున్నాయి. 1841 మేలో కాంటన్ వెలుపల జోరువానలో 37వ పటాలపు సిపాయీల తుపాకులు తడిసి పేలక, కోపించిన పల్లెజనం నడుమ చిక్కుకొన్నారు. ఎవరి సరుకు కోసం ఎవరు తడిశారో చూడండి!

1842 సంధిలో హాంకాంగూ, 210 లక్షల డాలర్లూ పోయాయి. అందులో 60 లక్షలు ఆ కరిగించిన నల్లమందుకే. అప్పటికే చక్రవర్తి తప్పంతా లిన్‌పై వేసి, పడమటి యెడారి దిక్కున ఇలీకి ప్రవాసం పంపాడు. అక్కడ ఆయన కాలువలు త్రవ్వించాడు. 1845లో మళ్లీ పిలుపు వచ్చింది. 1850లో మరొక రాచపనిమీద పోతూ దారిలోనే కన్నుమూశాడు. చీనాకు కలకత్తా నల్లమందు అమ్మకం 1913లో గాని ఆగలేదు.