దూరపు పరుగుల మేటి ఎమిల్ జాటోపెక్

మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు కొందరు అర్ధ మారథాను పరుగునకు సాధన చేయవలెనని సంకల్పించిరి. మొదటి నాడే మైదానము చుట్టు రెండు మారులు మిక్కిలి వేగముగా తిరిగి, మూడవ చుట్టునకు ఆయాసపడి కూలబడిరి. పరుగు తమకు అబ్బదనియు, అది పుట్టుకతో రావలసిన విద్యయనియు తలంచి, మఱునాడు మైదానమునకే రారైరి. అట్టివారి కొఱకే మేము ఈ జీవితకథను వ్రాయుచున్నాము. పరుగన్న ఇష్టము లేక, పెద్దల బలవంతము మీద మొదటి పందెమున దిగిన ఒక కర్మాగారపు కుఱ్ఱవాడు లోకమునకెల్ల మేటి పరుగుకాడైన వృత్తాంతమిది.

ఎమిల్ జాటోపెక్ 1922వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన చెకొస్లొవేకియా దేశమునందు, మొరేవియా ప్రాంతమున, కొప్రివ్నిత్సె యను చిన్న పట్టణమున జన్మించెను. ఆ దేశము 1993లో రెండుగా విడిపోగా, ఆ పట్టణము చెక్ గణతంత్రమునకు చెందినది. తండ్రి వడ్రంగి పని చేయువాడు. సంతానము హెచ్చు, రాబడి తక్కువ. అందుచేత ఎమిల్ చిన్న వయసుననే జ్లీన్ నగరమందలి బాటా పాదరక్షల కర్మాగారమున పనికి కుదిరెను. మన దేశమున ఊరూర అంగళ్లు గల బాటా సంస్థ పుట్టినది ఆ నగరముననే. పగలు పని, సాయంకాలము చదువు, ఇది అతని దినచర్య. ఆటలయందు అతనికి ఆసక్తి లేకుండెను.

అతనికి 18 ఏండ్ల ప్రాయమున కర్మాగారపు వ్యాయామ శిక్షకుడు కొందఱు కుఱ్ఱలను చూపి, పరుగు పందెమున పాల్గొని తీరవలెనని ఆజ్ఞాపించెను. అందు ఎమిల్ ఒకడు. తాను బలహీనుడనని అతడు మొఱపెట్టుకొనెను. శిక్షకుడు వైద్యుని వద్దకు పంపగా, వైద్యుడు పరీక్షించి దేహమున ఏ లోపమును లేదని తేల్చెను. ఇక తప్పించుకొను దారి లేకపోయెను. అయిష్టముగా బయలుదేరినవాడే అయినను, పరుగు మొదలు కాగానే గెలువవలెనను కోరిక అతని మనసున మొలకెత్తెను. నూఱుమంది పాల్గొనిన ఆ పందెమున అతడు రెండవవాడుగా వచ్చెను. తనలో ఏమి కలదో తనకే తెలియదని ఆ దినమున అతడు గ్రహించెను. నాటినుండి పరుగును విడువలేదు.

ఆ కాలమున అతని దేశము జర్మనీ సేనల ఆక్రమణలో ఉండెను. అయినను అతని సాధన ఆగలేదు. 1944లో 2,000, 3,000, 5,000 మీటర్ల పరుగులలో స్వదేశపు రికార్డులను దాటెను. యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమున చేరెను. 1946లో ఓస్లో నగరమున జరిగిన ఐరోపా పోటీలయందు 5,000 మీటర్ల పరుగున అయిదవ స్థానము మాత్రమే లభించెను. దానికి అతడు కుంగిపోలేదు. తన కొఱత ఎచ్చటనున్నదో వెదకుకొనెను.

ఇచ్చట అతని సాధనా విధానమును కొంత వివరింపవలెను. దూరము పరుగెత్తవలెనన్న దూరమే అభ్యసింపవలెనని అప్పటి పలువురి నమ్మకము. జాటోపెక్ మఱియొక విధముగా ఆలోచించెను. నెమ్మదిగా పరుగెత్తుట తనకు ముందే వచ్చును, రానిది వేగము, రానిదానినే గదా నేర్వవలసినది! అందుచేత 200 మీటర్లో 400 మీటర్లో వేగముగా పరుగెత్తి, వెనువెంటనే కొంత దూరము మెల్లగా సాగి ఊపిరి కూడదీసికొని, మరల వేగముగా పరుగెత్తెడివాడు. వేగమువలన గుండెకును కాళ్లకును బలము, అనేక పర్యాయములు చేయుటవలన ఓర్పు కలుగును. ఈ పద్ధతి అతడే కనిపెట్టినది కాదు. జర్మనీ దేశపు శిక్షకుడు గెర్ష్లర్ మున్నగువారు ఇంతకు పూర్వమే దీనిని వాడిరి. కాని అంతటి మోతాదులో ఆచరించినవాడు అంతకుముందు లేడు. దినమునకు 400 మీటర్ల పరుగులు 20తో ఆరంభించి 40కి పెంచెను. 1954 ప్రాంతమున కొన్ని దినములు ఉదయము 50, సాయంకాలము 50 చొప్పున నూఱు పరుగులు తీసెను. సైనికుల బరువైన బూట్లు తొడిగి మంచులోను, చీకటి పడిన పిదప చేత దీపము పట్టుకొని అడవి బాటలలోను పరుగెత్తెడివాడు.

అయితే హద్దు మీరిన సందర్భములును లేకపోలేదు. దారి ప్రక్కనున్న చెట్లను లెక్కించుచు, దినమున కొక్క చెట్టు చొప్పున హెచ్చించి ఊపిరి బిగబట్టి నడచుట అలవాటు చేసికొని, ఒకనాడు స్పృహ దప్పి పడిపోయెనని చెప్పుదురు. విద్యార్థులు ఇట్టి సాహసమును అనుకరింపరాదు.

1948లో లండను ఒలింపిక్ క్రీడలందు 10,000 మీటర్ల పరుగును 29 నిమిషముల 59.6 సెకండ్లలో ముగించి స్వర్ణ పతకము పొందెను. రెండవవాడగు ఫ్రాన్సు దేశపు అలైన్ మిమూన్ అతనికంటె 47 సెకండ్లకు పైగా వెనుకబడెను. 5,000 మీటర్లలో బెల్జియము వీరుడు రైఫ్ చేత సెకండులో అయిదవ వంతు తేడాతో ఓడి రజతము గ్రహించెను. పరుగెత్తునపుడు అతని తల ఊగుచు, ముఖము వంకరలు పోవుచుండెను. చూచువారు ఇతడు ఇప్పుడే పడిపోవునని భయపడెడివారు. అందమునకు మార్కులు వేయు పోటీలు వచ్చిననాడు ముఖము సవరించుకొందునని అతడు నవ్వుచు చెప్పెడివాడట.

అర్ధ మారథాను దూరము 21 కిలోమీటర్ల 97½ మీటర్లు. దానికి మిక్కిలి చేరువగు ఒక ఘనకార్యమును జాటోపెక్ 1951లో సాధించెను. ఒక్క గంటలో 20 కిలోమీటర్లు దాటిన మానవుడు అంతవఱకు లేడు. ఆ సంవత్సరము సెప్టెంబరు 15న అతడు గంటలో 19,558 మీటర్లు పరుగెత్తెను. తృప్తి చెందక, పదునాలుగు దినములకే, సెప్టెంబరు 29న మరల ప్రయత్నించి 20,052 మీటర్లు పూర్తి చేసెను. అనగా ఒక్కొక్క కిలోమీటరునకు మూడు నిమిషములైనను పట్టలేదు.

1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలు జరిగెను. ప్రయాణమునకు ముందు, యుంగ్విర్త్ అను తోటి పరుగుకాని తండ్రి రాజకీయ ఖైదీయను కారణమున అధికారులు ఆ యువకుని జట్టునుండి తొలగించిరి. అతడు లేక తానును రానని జాటోపెక్ నిలిచెను. ఆ ప్రభుత్వమునకు ఎదురాడుట ఎంత ప్రమాదమో అతడెరుగును. తుదకు అధికారులు తగ్గిరి; ఇరువురును వెళ్లిరి. అచ్చట జాటోపెక్ జూలై 20న 10,000 మీటర్లను, 24న 5,000 మీటర్లను గెలిచెను. ఆ 24వ తేదీననే అతని భార్య డానా బల్లెము విసరుటలో స్వర్ణము గెలిచెను. ఆ దంపతులు ఒకే సంవత్సరమున, ఒకే దినమున జన్మించినవారగుట మఱియొక వింత.

అంతట అతడు మారథానునకు పేరిచ్చెను. 42 కిలోమీటర్ల 195 మీటర్ల ఆ పరుగును అతడు మున్నెన్నడును పరుగెత్తి ఎఱుగడు. ఆ విద్యలో అతడు కేవలము క్రొత్తవాడు. అందుచేత అప్పటి మేటియగు ఇంగ్లండు వీరుడు జిమ్ పీటర్సును అనుసరించి పోయెను. దారిలో ఈ వేగము సరియేనా యని అతనిని అడిగెను. ఇది మందగమనమని పీటర్సు బదులు చెప్పగా, అది నిజమని నమ్మి ముందునకు సాగెను. పీటర్సు పరుగు ముగింపలేకపోయెను. జాటోపెక్ 2 గంటల 23 నిమిషముల 3.2 సెకండ్లలో గెలిచెను. ఒకే ఒలింపిక్ క్రీడలలో ఈ మూడు పరుగులను గెలిచినవాడు నేటికిని అతడొక్కడే.

అతడు పెక్కు భాషలు నేర్చినవాడు. ఏ దేశపు పరుగుకాడు కలిసినను వాని భాషలో పలుకరించి స్నేహము చేసెడివాడు. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, పొలిమేర దాటిన కన్నడము వినుచు పెరుగు మన పిల్లలకు ఇది ప్రత్యేకముగా గమనింపదగినది. పరాయి భాష నేర్చుటచేత అతని మాతృభాష తఱిగిపోలేదు. మిత్రులు మాత్రము పెరిగిరి. 1956లో మెల్‌బోర్న్ మారథానులో తాను ఆఱవవాడై వచ్చినను, గెలిచిన మిమూనును సంతోషముగా కౌగిలించుకొనెను. ఎన్నో ప్రపంచ రికార్డులు నెలకొల్పియు ఒలింపిక్ స్వర్ణము దక్కని ఆస్ట్రేలియా వీరుడు రాన్ క్లార్కు 1966లో ప్రాగ్ నగరమునకు రాగా, వీడ్కోలు వేళ అతని చేతిలో ఒక చిన్న పొట్లమునుంచెను. క్లార్కు పిమ్మట తెరచి చూడగా, అది జాటోపెక్ హెల్సింకిలో గెలిచిన 10,000 మీటర్ల స్వర్ణ పతకము.

1968లో చెకొస్లొవేకియాలో స్వేచ్ఛ కొఱకు ఉద్యమము పుట్టగా జాటోపెక్ దాని పక్షమున నిలిచెను. ఆగస్టులో సోవియట్ టాంకులు ప్రాగ్ వీథులలో ప్రవేశించినపుడు బహిరంగముగా నిరసించెను. దాని ఫలితముగా పార్టీనుండి వెలివేయబడెను. సైన్యమున ఉద్యోగము పోయెను. ఏండ్ల తరబడి ఊరికి దూరముగా, భూమిలో బోరు వేయు కూలీల జట్టుతో బండిలో కాపురముండి, అప్పుడప్పుడు మాత్రమే ఇంటికి వచ్చి పోవుచుండెను. ఒత్తిడికి లోబడి కొంతకాలమునకు తాను పలికిన మాటలను వెనుకకు తీసికొనెను. మేము దీనిని దాచనక్కఱలేదు. ఎంతటి ఓర్పుకైనను ఒక మేర కలదు, వీరుడును మనుష్యుడే. 1989లో ప్రభుత్వము మారిన తరువాత, 1990లో అతనికి జరిగిన అన్యాయమును సైనికాధికారులు ఒప్పుకొనిరి. అతడు 2000వ సంవత్సరము నవంబరులో ప్రాగ్ నగరమున కాలధర్మము నొందెను.

విద్యార్థులారా! జాటోపెక్ నూఱు పరుగులను చూచి మీరు వెఱవవలదు. వానిని అనుకరింపను వలదు. అవి పదునాలుగేండ్ల సాధనకు పిదప వచ్చిన ఫలము. మీరు గ్రహింపవలసినది అతని మొదటి మెట్టు. కొంత దూరము నడచి, కొంత దూరము మెల్లగా, ప్రక్కవానితో మాటలాడుటకు వీలగునంత నెమ్మదిగా పరుగెత్తుడు. వారమునకు మూడు నాలుగు దినములు చాలును. తక్కిన దినములు విశ్రాంతికి. వారమునకొక మారు మాత్రము దూరమును కొలదిగా పెంచుడు. నొప్పి కలిగిన ఆగుడు. అర్ధ మారథాను నెలల తరబడి చేరవలసిన గమ్యము. లేత వయసువారు ముందు అయిదు కిలోమీటర్లతో తృప్తి చెందవలెను.

మూడవ చుట్టున కూలబడినవారు ఓడినవారు కారు. వారు తమ శక్తికి మించిన వేగముతో బయలుదేరినవారు మాత్రమే. తాను బలహీనుడనని వైద్యుని వద్ద మొఱపెట్టుకొన్న ఆ జ్లీన్ కుఱ్ఱవానిని తలచుకొని, రేపటి ఉదయము మరల మైదానమునకు రండు. ఈ మారు మెల్లగా బయలుదేరుడు.