ఒంగోలు క్లౌ దొరగారు
(దైవజనుల జీవితములు)



మన తాతముత్తాతలు ఎక్కడ బాప్తిస్మము పొందారని అడిగితే, మనలో అనేకులు ఒంగోలు, కందుకూరు, కనిగిరి, నెల్లూరు చుట్టుపట్ల ఊళ్ళ పేర్లే చెప్తాము. బ్రతుకుదెరువు కోసం పీణ్య వచ్చి, ఫ్యాక్టరీలలోనూ వర్క్‌షాపులలోనూ కష్టపడి, సంఘములుగా స్థిరపడ్డాము. ఇది దేవుని కృప. అయితే సండేస్కూలు చెప్పేవారెవరు, గృహకూటములలో వాక్యము బోధించేవారెవరు అన్నప్పుడు ఒకరి ముఖం ఒకరం చూసుకొంటాము. అన్నీ పాస్టరుగారే చేయాలంటాము. మనకు చదువు చాలదంటాము, డ్యూటీ వల్ల తీరిక లేదంటాము. అందుకే ఈసారి క్లౌ దొరగారి జీవితమును మరల జ్ఞాపకం చేసుకొందాము. ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనకందరికీ తెలుసు. ఆ 2,222 మందికి వాక్యము నేర్పినది ఎవరన్నది మాత్రం మనం తరచుగా మరచిపోతాము.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమందలి ఫ్రూస్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర జన్మించారు. వారిది వ్యవసాయ కుటుంబము. తరువాత ఆ కుటుంబము పడమటి ప్రాంతాలకు వలస వెళ్ళింది. అంటే ఆయన కూడా వలస వచ్చినవారి బిడ్డయే. యౌవనంలో మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ సర్వే పని నేర్చుకొని, భూములు కొలిచే సర్వేయరు అయ్యారు. ఆ కాలంలో ఆయనకు భక్తి మీద ఆసక్తి లేదు. అయోవాలోని బర్లింగ్‌టన్‌లో చదువుకొనే రోజులలో ప్రభువు ఆయనను పట్టుకొన్నాడు. 1858లో బాప్తిస్మము పొందారు. కొంతకాలము ఊరూరా తిరిగి బైబిళ్ళు, క్రైస్తవ పుస్తకములు పంచే పని చేశారు. పుస్తకము చేతికిచ్చి, ప్రక్కన కూర్చొని మాట్లాడడం ఆయన అక్కడ నేర్చుకొన్న విద్య.

ఆ దినములలో తెలుగు మిషను చాలా బలహీనముగా ఉండేది. ఎన్నో సంవత్సరములు పనిచేసినా విశ్వాసులు అతి కొద్దిమంది. ఈ మిషనును మూసివేయాలని అమెరికాలో ఒకటికి రెండుసార్లు ఆలోచన జరిగింది. పటములో ఒంటరిగా కనిపించే మిషను గనుక ఒంటరి నక్షత్రమని దానికి పేరు వచ్చింది. అయినా జూయెట్ దొరగారు, వారి దొరసానిగారు ఆశ విడువలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండనెక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. దానినే మనం ప్రార్థన కొండ అంటాము. ఆ ప్రార్థన జరిగిన నాటికి క్లౌగారు ఇంకా రక్షింపబడని పదిహేడేండ్ల కుర్రవాడు.

1864 నవంబరు 30న క్లౌగారు భార్య హ్యారియెట్ గారితోను, పసిబిడ్డతోను, జూయెట్ దంపతులతో కలిసి బోస్టనులో ఓడ ఎక్కారు. 1865లో నెల్లూరు చేరి తెలుగు నేర్చుకొన్నారు. 1866 సెప్టెంబరు 17న ఒంగోలుకు కాపురము వచ్చారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము స్థాపించబడింది. సభ్యులు 8 మంది.

ఇక్కడ యెర్రగుంట్ల పేరయ్యగారిని గూర్చి చెప్పకపోతే క్లౌగారి కథ సగమే అవుతుంది. పేరయ్యగారిది తాళ్ళకొండపాడు. మాదిగ కులస్థుడు. తోళ్ళ వ్యాపారము చేసేవారు. సత్యము కోసం గురువుల దగ్గర యోగము నేర్చుకొని, తాను కూడా ఇతరులకు నేర్పినవారు. వ్యాపారము మీద స్వగ్రామమునకు దూరముగా తిరుగుతున్నప్పుడు సువార్త సంగతి ఆయన చెవిన పడింది. 1866లో ఆయనకు, ఆయన భార్య నాగమ్మగారికి జూయెట్ దొరగారు బాప్తిస్మమిచ్చారు. ఆయన ఏ సెమినరీలోను చదువలేదు. అయినా తన ఊరికి వెళ్ళి, తన వారికి, తన వ్యాపారము తెలిసినవారికి, తనకు తెలిసినంత మట్టుకు చెప్పడం మొదలుపెట్టారు.

1867 జనవరిలో క్లౌగారు తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి ముప్పై నలభై మంది చుట్టుప్రక్కల ఊళ్ళ నుండి కొన్ని రోజులకు సరిపడ తిండిగింజలు మూట కట్టుకొని వచ్చి ఉన్నారు. చెట్ల క్రింద కూర్చొని రోజుల తరబడి వాక్యము విన్నారు. వారిలో 28 మంది బాప్తిస్మము పొందారు. దొరగారు కోయడానికి వచ్చారు గాని, అక్కడ విత్తినవాడు తోళ్ళ వ్యాపారి.

వెంటనే పరీక్ష వచ్చింది. మాదిగవారిని చేర్చుకొంటే మేము రాము, మా పిల్లలను మీ బడికి పంపము అని ఒంగోలులోని పై కులముల పెద్దలు దొరగారితో చెప్పారు. పెద్దవారు వస్తే పని బలపడుతుందేమో అన్న ఆలోచన ఆయనను కలవరపెట్టింది. ఆయన ఒక గదిలోను, దొరసానిగారు వేరొక గదిలోను ప్రార్థించి బైబిలు తెరిచారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరికీ 1 కొరింథీ 1వ అధ్యాయము 26 నుండి 29 వచనములే దొరికాయి. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనును అనే భావము గల మాటలవి. దానితో సందేహము తీరింది. బడి ఖాళీ అయినా, వచ్చిన బీదలను క్లౌగారు త్రోసివేయలేదు.

ఒక్క దొర వందల ఊళ్ళకు ఎలా తిరుగగలడు? క్లౌగారు మన పల్లె పద్ధతినే పట్టుకొన్నారు. ఊరి పెద్దలకు వారి బాధ్యత అప్పగించారు. బోధకులను ఊళ్ళలోనే ఉంచి, ప్రతి మూడు నెలలకు ఒకసారి అందరినీ ఒంగోలుకు పిలిపించేవారు. వారు తమ ఊళ్ళ సంగతులు చెప్పుకొనేవారు, వాక్యము నేర్చుకొనేవారు, ప్రార్థించి తిరిగి వెళ్ళేవారు. ఇవే త్రైమాసిక కూటములు. 1872లో రామాపట్నములో బోధకుల కొరకు సెమినరీ కూడా ప్రారంభమైంది. అయితే చదువు పూర్తి కానిదే పని మొదలుపెట్టరాదని ఎవ్వరికీ చెప్పలేదు. పని చేస్తూ నేర్చుకోవడం, నేర్చుకొన్నది నేర్పడం, ఇదే ఆ బోధకుల జీవితము.

1876 నుండి 1878 వరకు మహా కరువు వచ్చింది. జనము తిండి లేక, కలరాతో రాలిపోయారు. ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్విస్తున్నది. ఆ పనిలో ఇతర మేస్త్రీల క్రింద బీదలు నానా బాధలు పడుతున్నారని విని, క్లౌగారు మూడున్నర మైళ్ళ కాలువ త్రవ్వకము తానే కంట్రాక్టు తీసుకొన్నారు. మిన్నెసోటా అడవులలో నేర్చిన సర్వే విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. మన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. మన్ను మోసేవారితో పగలంతా ఉండి, పని ఆగిన వేళ వారి మధ్య కూర్చొని వాక్యము చెప్పినవారు వీరే. అప్పుడు వారికి గుడి లేదు, పుల్పిట్టు లేదు. కాలువ గట్టే బోధపీఠము.

వేలమంది బాప్తిస్మము అడిగారు. క్లౌగారు ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట సంఘము మీదికి రాకూడదనియు, వచ్చేవారు తమ మనస్సు తాము తెలుసుకోవాలనియు పదిహేను నెలలు బాప్తిస్మములు ఆపివేశారు. నివేదికలలో పెద్ద లెక్కలు చూపించవచ్చును గదా! ఆయన ఆ దారి పట్టలేదు.

1878 జూన్ నాటికి కరువు సహాయము ముగింపుకు వచ్చింది. ఒంగోలులో మశూచి ఉన్నందున, ఊరికి ఉత్తరముగా పది మైళ్ళ దూరములో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర క్రైస్తవులను కూడుకోమన్నారు. అక్కడికి వేలమంది వచ్చేశారు. ఇక ఇచ్చేందుకు నా దగ్గర డబ్బు లేదు, ఇండ్లకు వెళ్ళండి అని దొరగారు చెప్పారు. మాకు డబ్బు అక్కరలేదు, కష్టం చేసుకొని బ్రతుకుతాము, బాప్తిస్మమే కావాలి అని వారు కదలలేదు. అప్పుడు ప్రతి బోధకుడు తన ఊళ్ళవారిని తానే పరీక్షించి, ఎరిగిన వారి పేర్లు వ్రాసి ఇచ్చాడు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరు ఇద్దరుగా వంతులు తీసుకొని నీళ్ళలో నిలిచారు. క్లౌగారు ఆ రోజు ఒక్కరికి కూడా బాప్తిస్మమివ్వలేదు. ఒడ్డున నిలిచి చూచుకొన్నారు.

తరువాత కొద్ది సంవత్సరములలోనే ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య ఇరవై వేలు దాటింది. అప్పటికి ప్రపంచములోకెల్లా పెద్ద బాప్తిస్టు సంఘము అదే. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మరి 1,671 మంది బాప్తిస్మము పొందారు. అయితే అంత గొప్ప కోతలో చిక్కులు లేకపోలేదు. ఊళ్ళు ఎక్కువ, నేర్పేవారు తక్కువ. నేర్పేవారు లేని చోట క్రొత్త విశ్వాసులు పాత ఆచారములకు సులువుగా జారిపోతారు. క్లౌగారు బోధకుల కొరకు, బడుల కొరకు అంతగా ఆరాటపడినది ఇందుకే.

హ్యారియెట్ దొరసానిగారు 1893లో ప్రభువు పిలుపునందుకొన్నారు. మరుసటి ఏడు క్లౌగారు ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహము చేసుకొన్నారు. మన పితరుల అనుభవములను పుస్తకముగా వ్రాసినది ఈమెయే. పేరయ్యగారు 1897లో నిద్రించారు. క్లౌగారు ముసలితనములో అమెరికాకు తిరిగి వెళ్ళి, 1910 నవంబరు 24న రోచెస్టరులో కన్నుమూశారు. వారి స్వీయచరిత్ర 1914లో వెలువడింది. ఒంగోలులోని క్లౌ మెమోరియల్ ఆస్పత్రి వారి పేరు నిలిపింది.

ప్రియులారా, కాలువ గట్టు మీద మన్ను మోసినవారికి వాక్యము నేర్పినవారు మనవంటివారే. ఇక్కడ మన పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుచున్నారు. తెలుగు బైబిలు వారి చేత చదివించేవారు ఇంటిలో లేకపోతే, సంఘములో లేకపోతే, మరి ఎక్కడ ఉంటారు? ప్రతి సంఘము ఇద్దరినో ముగ్గురినో ఏర్పరచి, మూడు నెలలకొకసారి అన్ని సంఘములవారు ఒకచోట కూడి, వాక్యము నేర్చుకొని, నేర్పిన సంగతులు చెప్పుకొంటే ఎంత మేలు! దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక బైబిలు, ఒక నోటుపుస్తకము, షిఫ్టు లేని ఒక ఆదివారము మధ్యాహ్నము చాలును. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయము 2వ వచనము చదివి, ఇంటిల్లిపాది ప్రార్థించండి. చదువు చాలదని ఎవరైనా వెనుకాడితే, తాళ్ళకొండపాడు తోళ్ళ వ్యాపారిని వారికి జ్ఞాపకం చేయండి.

ఒంటరి నక్షత్రమును ఆరనియ్యని దేవుడు, మన మధ్య నుండి కూడా బోధకులను లేపును గాక. ఆమేన్.