అల్లావుద్దీన్ దీపం వెలిగించింది ఎవరు?

శుక్రవారం వచ్చిందంటే చాలు.. గదుల్లో సందడే సందడి. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్లు చేసుకోవడం అయ్యాక, ఇంత బిర్యానీ తిని నడుం వాల్చేసరికి అసలు కచేరీ మొదలవుతుంది. ఆ మధ్య ఒక శుక్రవారం సోహార్‌లో మిత్రుల గదికి వెళ్లాం. రాజకీయాలు, క్రికెట్, రూపాయి రేటు అన్నీ అయ్యాక మాట ఎటు తిరిగిందో ఏమో, సింద్‌బాద్ దగ్గరికొచ్చి ఆగింది.

నిజామాబాద్ అన్న 1993లో దూరదర్శన్‌లో మొదలైన ఆలిఫ్ లైలా సీరియల్‌ను తలుచుకున్నాడు. కథంటే అదేనట. కోనసీమ బాబాయికి ఎన్టీఆర్ ఆలీబాబా 40 దొంగలు ముందు ఏ సీరియలూ పనికిరాదు. కొత్తగా వచ్చిన కుర్రాడు డిస్నీ అల్లావుద్దీన్‌ను సెల్‌ఫోన్‌లో చూపించాడు. ఊళ్లో లైబ్రరీలో అరేబియన్ నైట్స్ తెలుగు పుస్తకం చదివిన ఇంకో తమ్ముడు మాత్రం అందరి మీదా లేచాడు. పుస్తకంలో ఉన్నది ఒకటి, టీవీలో చూపించింది ఇంకొకటి అని అతని గోల. ఇవన్నీ కాదు, సింద్‌బాద్ మా సోహార్ మనిషే అని ఇక్కడివాళ్లు చెబుతారు కదా అని డ్రైవర్ అన్న మధ్యలో దూరాడు. మేమూ తలా ఒక మాట వేశాం. సాయంత్రం అయిందే గానీ తీర్పు తేలలేదు.

ఆ తీర్పు కోసం వెతుక్కుంటూ పోతే మాకు దొరికినవాడు ఆంత్వాన్ గాలాన్. ఫ్రాన్స్ దేశస్తుడు. చచ్చిపోయి మూడు వందల ఏళ్లు దాటింది. వెయ్యిన్నొక్క రాత్రుల కథలు అరబ్బు దేశాలు దాటి ప్రపంచమంతా తిరిగాయంటే ఆయన పుణ్యమే. ఆయన జీవితం చదువుతుంటే మన గల్ఫ్ బతుకుల వాసన తగిలింది. అందుకే ఈ వారం ఆయన కథ.

తండ్రి లేని పిల్లాడు

గాలాన్ 1646 ఏప్రిల్ 4న ఉత్తర ఫ్రాన్స్‌లోని రొల్లో అనే పల్లెలో పుట్టాడు. నిరుపేద ఇల్లు. ఏడో సంతానం. నాలుగేళ్లకే తండ్రి పోయాడు. తల్లి రెక్కల కష్టం మీద ఇల్లు గడిచింది. దయగల చర్చి పెద్దలు దగ్గర్లోని నొయాన్ పట్నంలో చదువు చెప్పించారు. ఆ పెద్దలు పోవడంతో చదువూ ఆగిపోయింది. ఏదో ఒక చేతిపని నేర్చుకోమని ఇంట్లోవాళ్లు పనిలో పెట్టారు. ఏడాది చేశాడు. మనసు ఒప్పలేదు. మనవాళ్ల మాటలో చెప్పాలంటే ఖల్లివల్లి అనేసి, చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే పారిస్ దారి పట్టాడు. అప్పటికి పద్నాలుగు, పదిహేనేళ్లు ఉంటాయంతే.

పారిస్‌లో తెలిసినవాళ్ల సాయంతో మళ్లీ చదువుకున్నాడు. తూర్పు దేశాల భాషల్లో రాసిన పాత పుస్తకాల జాబితా రాసే పని దొరికింది. ఆ పనే ఆయన తలరాతను మార్చింది.

పరదేశంలో కొలువు

1670లో ఫ్రాన్స్ రాయబారి ఒకాయన ఇస్తాంబుల్ వెళుతూ గాలాన్‌ను వెంట తీసుకెళ్లాడు. అప్పట్లో దాన్ని కాన్‌స్టాంటినోపుల్ అనేవారు. గాలాన్‌కు ఇరవై నాలుగేళ్లు. మనలో చాలామంది మస్కట్ ఎయిర్‌పోర్టులో దిగిన వయసే! కొత్త ఊరు, కొత్త భాష, నెత్తి మీద పెద్ద అయ్యగారు.

గాలాన్ భయపడలేదు. బజారులో తిరుగుతూ, పుస్తకాల అంగళ్లలో కూర్చుంటూ టర్కీ, అరబ్బీ, పారశీ భాషలు పట్టేశాడు. ఏ రోజు ఏం చూశాడో, ఏ పుస్తకం ఎంతకు బేరమాడాడో డైరీ రాసుకునేవాడు. సిరియా, జెరూసలేం వైపు తిరిగాడు. పాత నాణేలు, రాతప్రతులు పోగేసి ఫ్రాన్స్‌కు పంపేవాడు. ఇలా మూడుసార్లు వెళ్లొచ్చాడు. అన్నీ కలిపితే పదిహేనేళ్ల దాకా పరదేశంలోనే గడిపాడు. 1688లో ఇప్పటి ఇజ్మీర్‌లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఆయన ఉన్న ఇల్లు కూలింది. శిథిలాల కింద ఇరుక్కుపోయి, ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు.

తిరిగొచ్చాక ఆయనేం దర్జాగా బతకలేదు. ఒక పండితుడి దగ్గర పనికి కుదిరాడు. తూర్పు దేశాల సంగతులన్నీ పోగేసిన పెద్ద నిఘంటువు లాంటి పుస్తకం అది. ఆ పండితుడు మధ్యలోనే కన్నుమూస్తే మిగతా పని గాలాన్ పూర్తి చేసి 1697లో అచ్చు వేయించాడు. 1699లో కాఫీ పుట్టుపూర్వోత్తరాల మీద ఒక అరబ్బీ గ్రంథం ఆధారంగా చిన్న పుస్తకం రాశాడు. ఇక్కడ ఒమనీల మజ్లిస్‌లో మనకిచ్చే ఖావా కథను ఫ్రెంచివాళ్లకు చెప్పినవాళ్లలో ఆయనొకడన్నమాట.

సింద్‌బాద్, ఒక హమాలీ

గాలాన్ చేతిలో ముందు పడినవి వెయ్యిన్నొక్క రాత్రులు కావు.. సింద్‌బాద్ ఏడు సముద్రయాత్రల రాతప్రతి. అది అనువాదం చేసి అచ్చుకు సిద్ధం చేసుకున్నాడు. ఇంతలో ఇలాంటి కథల పెద్ద సంపుటి ఒకటి ఉందని తెలిసింది. అచ్చు ఆపేసి సిరియా నుంచి మూడు సంపుటాల రాతప్రతి తెప్పించుకున్నాడు. 1701లో అది పారిస్ చేరింది. ఇప్పటికీ అక్కడి జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. 1704 నుంచి గాలాన్ అనువాదం వరసగా సంపుటాలుగా వెలువడింది. ఫ్రాన్స్‌లో జనం ఎగబడి చదివారు. కొద్ది ఏళ్లలోనే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది.

ఇక్కడ మన గదిలో తగాదాకు సంబంధించిన మాట ఒకటుంది. సీరియల్‌లో, సినిమాల్లో సింద్‌బాద్ అంటే కత్తి పట్టుకుని రాక్షసులతో పోరాడే వీరుడు. పుస్తకంలో ఆయన వ్యాపారి. ఓడ మునిగితే చెక్క పట్టుకుని ఒడ్డుకు చేరతాడు, మళ్లీ సరుకు వేసుకుని బయల్దేరతాడు. కత్తి కన్నా ఉపాయమే ఎక్కువ. ఇంకో ముఖ్యమైన సంగతి. సింద్‌బాద్ తన కథంతా చెప్పేది ఎవరికనుకున్నారు? మూటలు మోసే ఒక పేద కూలీకి! ఎండలో బరువు దింపి, పెద్దింటి గుమ్మం ముందు కూర్చుని, నాకెందుకు ఈ బతుకు అని వాపోతుంటే లోపలికి పిలిచి, అన్నం పెట్టి, బంగారు నాణేలిచ్చి తను పడ్డ పాట్లు చెబుతాడు. గాలాన్ పుస్తకంలో ఆ కూలీ పేరు హింద్‌బాద్. అరబ్బీలో మూటలు మోసేవాడిని హమ్మాల్ అంటారు. మనం హమాలీ అనే మాట దాంట్లోంచి వచ్చిందే. తెర మీద సింద్‌బాద్‌ను చూపించేటప్పుడు చాలాసార్లు ఈ హమాలీనే మరచిపోతారు. లైబ్రరీ తమ్ముడి కోపంలో న్యాయం ఉంది.

రాత్రులు అయిపోయాయి

పేరుకు వెయ్యిన్నొక్క రాత్రులే గానీ గాలాన్ దగ్గరున్న రాతప్రతిలో మూడొందల రాత్రులు కూడా లేవు. కథలు అయిపోయాయి. అచ్చు వేసేవాళ్లేమో ఆగడం లేదు. ఎనిమిదో సంపుటంలో ఆయనకు చెప్పకుండానే వేరేవాళ్ల కథలు కలిపి 1709లో అచ్చేశారు. గాలాన్ మండిపడ్డాడు. అదే ఏడాది ఆయనకు పారిస్‌లోని రాజ కళాశాలలో అరబ్బీ ఆచార్యుడిగా కొలువు వచ్చింది. రొల్లో పల్లె పిల్లాడు అంతవరకు ఎదిగాడు. కానీ కొత్త కథలు ఎక్కడ?

అప్పుడొచ్చాడు హన్నా దియాబ్.

అలెప్పో కుర్రాడు

సిరియాలోని అలెప్పో పట్నం వాడు దియాబ్. ఇరవై ఏళ్ల వయసు. పాల్ లూకా అనే ఫ్రెంచి యాత్రికుడు 1707లో అతన్ని కలిశాడు. నాకు దుబాసీగా తోడు రా, పారిస్‌లో రాజుగారి గ్రంథాలయంలో ఉద్యోగం ఇప్పిస్తానని ఆశ పెట్టాడు. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? మన ఊళ్లలో ఏజెంట్లు చెప్పే మాటే! కుర్రాడు నమ్మాడు. సైప్రస్, ఈజిప్టు, లిబియా, ట్యూనిస్, ఇటలీ మీదుగా పారిస్ చేరాడు. రాజు పద్నాలుగో లూయీ ముందు కూడా నిలబడ్డాడు. 1709 చలికాలంలో ఫ్రాన్స్ గడ్డకట్టుకుపోయింది. ఆ చలికి దియాబ్ చావు దాకా వెళ్లొచ్చాడు. ఉద్యోగం మాత్రం ఇవాళ, రేపు అంటూ జరిగిపోయింది.

1709 మార్చి 17న లూకా ఇంట్లో గాలాన్ ఈ కుర్రాణ్ని చూశాడు. దియాబ్‌కు కథలు బాగా తెలుసని కనిపెట్టాడు. జూన్ వరకు విడతలవారీగా దియాబ్ కథలు చెప్పాడు, గాలాన్ డైరీలో గుర్తులు రాసుకున్నాడు. మొత్తం పదహారు కథలు. వాటిలో పది పుస్తకంలోకి వెళ్లాయి. ఆ పదిలోనివే అల్లావుద్దీన్ అద్భుత దీపం, ఆలీబాబా నలభై దొంగలు!

అవునండీ. ప్రపంచమంతా అరేబియన్ నైట్స్ అనగానే గుర్తొచ్చే ఆ రెండు కథలూ గాలాన్ తెప్పించుకున్న అరబ్బీ రాతప్రతిలో లేవు. తర్వాత 1814 నుంచి 1818 మధ్య మన కలకత్తాలో వెయ్యిన్నొక్క రాత్రులు మొదటిసారి అరబ్బీలో అచ్చయినప్పుడు అందులోనూ అల్లావుద్దీన్ లేడు. అరబ్బీలో అచ్చు కాకముందే ఫ్రెంచిలో పేరు తెచ్చుకున్న కథ అది.

అల్లావుద్దీన్ గురించి ఇంకో మాట. పుస్తకంలో అతను చైనా దేశపు దర్జీ కొడుకు. దీపం భూతమే కాదు, ఉంగరం భూతం కూడా ఉంటుంది. మూడే కోరికలు అన్న లెక్క అసలే లేదు. అది డిస్నీవాళ్లు 1992 సినిమాలో పెట్టిన షరతు. అక్కినేని అల్లావుద్దీన్ అద్భుత దీపం 1957లోనే వచ్చింది.

పేరు లేని పనివాడు

గాలాన్ 1715 ఫిబ్రవరి 17న పారిస్‌లో కన్నుమూశాడు. చివరి రెండు సంపుటాలు ఆయన పోయాక 1717లో వెలువడ్డాయి. పన్నెండు సంపుటాల్లో ఎక్కడా హన్నా దియాబ్ పేరు లేదు. డైరీలో ఉంది. లోకం చదివే పుస్తకంలో లేదు. పేదరికం నుంచి వచ్చినవాడు, పరాయి దేశంలో కొలువు చేసినవాడు, తనకు చెప్పకుండా తన పుస్తకంలో కలిపారని కోపగించుకున్నవాడు.. ఆయన కూడా తనకు కథలు చెప్పిన పనివాడి పేరు రాయలేదు. ఇది మాకు మింగుడు పడలేదు.

దియాబ్‌కు పారిస్‌లో ఉద్యోగం రాలేదు. దీని వెనక గాలాన్ చెయ్యి కూడా ఉందని అతను అనుమానపడ్డాడు. 1710లో అలెప్పోకు తిరిగొచ్చేశాడు. బట్టల వ్యాపారం పెట్టాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లాపాపలతో నిండుగా బతికాడు. డెబ్భై ఐదేళ్ల వయసులో, 1760ల్లో, తన ప్రయాణం కథంతా అరబ్బీలో రాసుకున్నాడు. విచిత్రం చూడండి. అందులో ఆయనా గాలాన్ పేరు రాయలేదు. కథలు చెప్పించుకోవడానికి తరచూ వచ్చే ఒక ముసలాయన.. అంతే! ఆ రాతప్రతి మొదటి పేజీలు ఊడిపోయి వాటికన్ గ్రంథాలయంలో పడి ఉండిపోయింది. అది దియాబ్ రాసిందేనని 1990ల్లో పండితులు గుర్తుపట్టారు. 2015లో ఫ్రెంచిలో పుస్తకంగా వచ్చింది. అల్లావుద్దీన్ కథ చెప్పినవాడి సొంత కథ పుస్తకంగా లోకానికి చేరడానికి అంతకాలం పట్టింది.

గాలాన్‌ను దొంగ అని తోసిపారేయడమూ న్యాయం కాదు. ఆయన డైరీ రాయకపోయి ఉంటే దియాబ్ చెప్పాడనడానికి సాక్ష్యమే మిగిలేది కాదు. ఏ రోజు ఏ కథ విన్నాడో రాసిపెట్టిన ఆ అలవాటే చివరికి పనివాడి హక్కును కాపాడింది. చేసిన పని, దాటిన గంటలు, రావలసిన జీతం మనమూ ఒక నోటుబుక్కులో తేదీలతో రాసిపెట్టుకుంటే మంచిది. ఎప్పుడు ఏది అక్కరకొస్తుందో ఎవరు చెప్పగలరు!

మరి సోహార్ సంగతేంటి?

పుస్తకంలో సింద్‌బాద్ ఇల్లు బాగ్దాద్‌లో. ఓడ ఎక్కేది బస్రాలో. అయితే వెయ్యేళ్ల కింద సోహార్ పెద్ద రేవు. చైనా దాకా ఓడలు తిరిగిన తీరం ఇది. అందుకే సింద్‌బాద్ మావాడే అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

ఆ గర్వానికి ఓడ కూడా సాక్ష్యం ఉంది. టిమ్ సెవెరిన్ అనే సాహసయాత్రికుడు సుల్తాన్ ఖాబూస్ అండతో 1980లో సూర్‌లో పాతకాలపు పద్ధతిలో ఒక ఓడ కట్టించాడు. ఒక్క మేకు కొట్టలేదు. పలకలన్నీ కొబ్బరి పీచు తాళ్లతో కుట్టారు. కలప మలబారు తీరం నుంచి వచ్చింది. తాళ్లు కుట్టే పనితనం తెలిసిన మనుషులు లక్షద్వీప్ నుంచి వచ్చారు. ఓడకు సోహార్ అని పేరు పెట్టి 1980 నవంబర్‌లో మస్కట్ నుంచి బయల్దేరారు. 1981 జూలైలో చైనాలోని కాంటన్ చేరారు. ఆ ఓడను మస్కట్‌లో అల్ బుస్తాన్ దగ్గర రౌండబౌట్‌లో నిలబెట్టారు. దాన్ని చూసి ఫొటో దిగిన మనవాళ్లు ఎంతమందో! ఈసారి వెళ్లినప్పుడు ఆ కుట్లను కొంచెం దగ్గరగా చూడండి. అవి మన దేశపు కూలీల చేతులు వేసినవి.

ఇక మన గదిలో తీర్పు. సీరియల్ తప్పు, పుస్తకం ఒప్పు అనడానికి లేదు. గాలాన్ పుస్తకమే అరబ్బీలోని పద్యాలు చాలావరకు తీసేసి, ఫ్రెంచివాళ్ల అభిరుచికి తగ్గట్టు మార్చి రాసింది. దియాబ్ నోటిమాట గాలాన్ చేతిలో మారింది, గాలాన్ రాత సినిమావాళ్ల చేతిలో మారింది. ఎవరి కాలానికి వాళ్లు మార్చుకున్నారు. మార్చారని కొట్లాడుకోవడం కన్నా, ముందు చెప్పినవాడెవరో గుర్తు పెట్టుకోవడం మేలు.

వచ్చే శుక్రవారం మళ్లీ సోహార్ వెళుతున్నాం. నిజామాబాద్ అన్నకు, కోనసీమ బాబాయికి, లైబ్రరీ తమ్ముడికి ఈ సంగతంతా చెప్పాలి. వాళ్లు మళ్లీ కొట్లాడుకుంటారని తెలుసు. అయినా ఫరవాలేదు. ఈసారి ఆ కొట్లాటలో హన్నా దియాబ్ పేరు కూడా వినబడుతుంది.