కుమ్మరి వెడ్జ్‌వుడ్ చరిత్ర

యిర్మీయా ప్రవక్త కుమ్మరి యింటికి వెళ్లిన సంగతి మనమెరుగుదుము. ఈ నెల ఇంగ్లాండు దేశపు కుమ్మరి జోసయా వెడ్జ్‌వుడ్ జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము. ఆయన పేరు మన బైబిలులోని యోషీయా పేరే.

ఆయన 1730లో బర్స్‌లెమ్ అను ఊరిలో కుమ్మరుల వంశమున పుట్టెను. తొమ్మిదవ యేట తండ్రి చనిపోగా బడి మాని పనిలో చేరెను. బాల్యములోనే మశూచి వలన కుడి మోకాలు చెడెను. మన కుమ్మరులు సారెను కర్రతో త్రిప్పుదురు. అక్కడివారు కాలితో త్రిప్పెడివారు. కనుక సారె ఆయనకు దూరమాయెను. అయినను విసుగక మన్నును, మెరుగుపూతను, ఆము వేడిమిని పరీక్షించి, ఫలితములను పుస్తకములో వ్రాసికొనుచు, మీగడ రంగు గల నున్నని పాత్రలు చేసెను. 1765లో షార్లెట్ రాణి ఆయన చేత టీ పాత్రలు చేయించుకొనెను. 1768లో ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. మరుసటి యేటనే ఎట్రూరియా అను చోట క్రొత్త కార్ఖానా తెరచి, పనివారికి ఇండ్లు కట్టించెను.

అయితే ఆ టీలో కలుపుకొను పంచదార వెస్టిండీసు దీవులలో బానిసల చెమటతో తయారైనది. టీ పాత్రలమ్మి ధనికుడైన ఆయన ఊరకుండలేదు. సంకెళ్లతో మోకరించి, తన్ను సహోదరునిగా ఎంచుమని వేడుకొను ఆఫ్రికా బానిస బొమ్మ గల చిన్న బిళ్లలను 1787లో చేయించి, వెల లేక పంచిపెట్టెను. స్త్రీలు వాటిని కంకణములలో పొదిగించుకొని ధరించిరి. బ్రిటిషు పార్లమెంటు బానిస వర్తకమును 1807లో నిషేధించెను. వెడ్జ్‌వుడ్ 1795లోనే గతించెను. విత్తినవాడు కోత చూడలేదు.

సహోదరులారా, మన చేతిలో నున్నది నాగలియైనను, వలయైనను, మగ్గమైనను, దానితో నలిగినవాని పక్షమున ఏమి చేయుచున్నామో ఆలోచించుకొందము.