రంగులను కాపాడిన యజ్దానీ సాహెబ్

వరంగల్ వాసులకు రామప్ప గుడిని గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. 2021లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమందరం సంతోషించాము. అయితే సుమారు వంద సంవత్సరాల ముందే, 1922లో, పాలంపేట దేవాలయాలపై ప్రత్యేక గ్రంథం వ్రాసి లోకానికి చాటినవారు ఒక ముస్లిం పండితుడని మనలో ఎంతమందికి తెలుసు? ఆయనే గులాం యజ్దానీ సాహెబ్.

యజ్దానీ గారు 1885లో ఢిల్లీలో జన్మించారు. అరబీ, ఫారసీ భాషలలో దిట్ట. శాసనాలు చదవడంలో ఆయనకు పెద్ద పేరు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి, ఆయనను అధిపతిగా నియమించింది. 1943 వరకు, అనగా దాదాపు ముప్పై ఏళ్లు, ఆ శాఖను నడిపారు.

ఆ రోజుల్లో అజంతా గుహలు కూడా హైదరాబాద్ రాజ్యంలోనివే. ఆయన జీవితంలో పెద్ద పరీక్ష అక్కడే ఎదురయింది. పదిహేను వందల ఏళ్లనాటి బొమ్మలు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతున్నాయి.

విచిత్రమేమంటే, ఆ రంగులలో చాలావరకు మన ఇళ్లలో ఎరిగినవే. ఎరుపు అంటే మన ఆడవాళ్లు గడపలకు, అరుగులకు పూసే జాజు. అది ఇనుప తుప్పు జాతిది. ఇనుము గాలిలో మారవలసినంత మారిన తరువాతనే అది ఏర్పడుతుంది గనుక ఇక వెలిసిపోదు. పసుపుపచ్చ మన్నూ ఇనుముదే, కాని దానిలో నీరు కలిసి ఉంటుంది. కాల్చితే నీరు పోయి ఎర్రబడుతుంది. నలుపు దీపం మసి. తెలుపు సున్నం, తెల్లమన్ను. ఒక్క నీలం మాత్రం దూరపు చుట్టం. ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో దొరికే లాజవర్ద్ రాతిని నూరి చేసినది.

మరి రంగు చెడనిదైతే బొమ్మ ఎందుకు చెడింది? చిత్రకారులు ఊక, పీచు కలిపిన మట్టితో గోడను మెత్తి, పైన పలుచగా సున్నం పూసి, ఆరిన తరువాత జిగురు కలిపిన రంగులతో గీశారు. చెమ్మకు, పురుగులకు ఆ జిగురూ మట్టీ పట్టు వదిలాయి. రంగు గట్టిదే, దాన్ని పట్టి ఉంచేది బలహీనం. దీనికి తోడు, మునుపు నకళ్లు తీయడానికి వచ్చినవారు బొమ్మలు మెరవాలని పూసిన వార్నిష్ నల్లబడి కూర్చుంది.

నిజాం ప్రభుత్వం ఇటలీ నుండి చెక్కోనీ, ఓర్సినీ అనే నిపుణులను పిలిపించింది. 1920–22 మధ్య, యజ్దానీ గారి శాఖ ఆధ్వర్యంలో, వారు ఊడిపోతున్న పెచ్చులను తిరిగి గోడకు అతికించి, అంచులు బిగించి, దుమ్ము ధూళి తుడిచారు. కొన్నిచోట్ల రంగు నిలవడానికి లక్క పూత వేశారు. వడ్రంగులు కుర్చీలకు వేసే స్పిరిటు పాలిష్ లాంటిదే అది. వేసినప్పుడు అద్దంలా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, గట్టిపడి, కుంచించుకొని కింది రంగును లాగుతుంది. అందుచేత తరువాతి తరం రసాయన శాస్త్రజ్ఞులు ఆ పూతను కొంచెం కొంచెంగా తొలగించవలసి వచ్చింది. అయినా ఆనాడు అతికించి ఉండకపోతే, శుభ్రం చేయడానికి ఈనాడు అంత బొమ్మ మిగిలి ఉండేదా?

యజ్దానీ గారు మరమ్మతుతో తృప్తిపడలేదు. అంతకుముందు గిల్, గ్రిఫిత్స్ అనే దొరలు ఏళ్ల తరబడి శ్రమించి వేసిన నకళ్లు చాలావరకు లండన్‌లో 1866, 1885 అగ్నిప్రమాదాలలో కాలిపోయాయి. యజ్దానీ గారు చేతి నకళ్లను నమ్ముకోక, రంగుల ఫోటోలు తీయించి, 1930 నుండి 1955 వరకు నాలుగు భాగాలుగా అజంతా గ్రంథాన్ని వెలువరించారు. ఉద్యోగ విరమణ తరువాత కూడా పని ఆపలేదు. బీదరు కట్టడాలపై వ్రాశారు. దక్కను ప్రాచీన చరిత్రకు సంపాదకత్వం వహించారు. 1959లో పద్మభూషణ్ వచ్చింది. 1962లో కన్నుమూశారు.

రామప్ప శివాలయం, అజంతా బౌద్ధ గుహలు. వాటిని అమానతుగా భావించి కాపాడినవారు యజ్దానీ సాహెబ్. మనం కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. పండుగ వస్తున్నదని పాత మస్జిదుకో, దర్గాకో, మరే పాత కట్టడానికో పెయింటు కొట్టించే ముందు, గోడ మీద పాత రంగు, పాత వ్రాత ఏదైనా ఉన్నదేమో ఒక్కసారి చూడండి. ఉంటే తెలిసినవారిని అడగండి. పూయడం ఒక పూట పని, తీయడం ఒక తరం పని.